నూలూ పట్టూ కలిసే చోటు: గద్వాల సంస్థానం, దాని నేత

కృష్ణా తుంగభద్రల నడుమ, ఆ రెండు నదులు కలిసే సంగమానికి పడమటి వైపున విస్తరించిన నేలను నడిగడ్డ అంటారు. రాయచూరు అంతర్వేదికి తూర్పు కొస అయిన ఈ ప్రాంతం కోసం విజయనగర రాజులూ బహమనీ సుల్తానులూ, ఆ తరువాత బీజాపూరు సుల్తానులూ తరతరాలుగా పోరాడారు. 1520 నాటి రాయచూరు యుద్ధం ఆ పోరాటాలలో అందరికీ తెలిసినది. 1800లో నిజాము దక్షిణ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేయడంతో తుంగభద్ర రెండు ప్రభుత్వాల మధ్య ఎల్ల అయింది. 1956 వరకు రాయచూరు జిల్లాలో ఉన్న గద్వాల, ఆలంపురం తాలూకాలు భాషా ప్రాతిపదికన జరిగిన పునర్విభజనలో మహబూబ్‌నగర్ జిల్లాకు వచ్చాయి, రాయచూరు మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. 2014 తరువాత అదే తుంగభద్ర తెలంగాణకూ ఆంధ్రప్రదేశ్‌కూ మధ్య మళ్లీ సరిహద్దుగా నిలిచింది. ఇన్నిసార్లు గీతలు మారిన నేల మీద ఒక చిన్న రాజ్యం రెండు శతాబ్దాలకు పైగా నిలబడడం, ఆ రాజ్యం పేరు ఈనాటికీ ఒక వస్త్రానికి పేరుగా మిగలడం చరిత్రలో అరుదైన విషయం.

ఆ రాజ్యమే గద్వాల సంస్థానం. సంస్థానమంటే నిజాము అధికారాన్ని అంగీకరించి, ఏటా పేష్కష్ అనే కప్పం చెల్లిస్తూ, లోపలి పాలనను తన చేతిలోనే ఉంచుకున్న చిన్న రాజ్యం. వనపర్తి, కొల్లాపురం కేంద్రమైన జటప్రోలు, ఆత్మకూరు కేంద్రమైన అమరచింత కూడా కృష్ణ ఒడ్డున ఇలాంటివే. గద్వాలలో కోట కట్టించి పాలనా కేంద్రాన్ని అక్కడికి తెచ్చిన ఘనత పద్దెనిమిదో శతాబ్ది ఆరంభంలో పాలించిన పెద సోమభూపాలుడిది. జనం ఆయనను నల సోమనాద్రి అంటారు. కోటలో వెలసిన చెన్నకేశవస్వామి సంస్థానానికి ఇలవేల్పు అయ్యాడు. 1924 నుంచి 1949లో సంస్థానం రద్దయ్యే వరకు పాలించిన మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ ఆ వరుసలో చివరివారు.

ఏటా పండిత సభలు జరిపి, కవులకూ శాస్త్ర పండితులకూ వార్షికాలు, అంటే సంవత్సరానికొకసారి ముట్టే సన్మాన ధనం, ఇచ్చినందువల్ల ఈ ఊరికి విద్వద్గద్వాల అనే పేరు వచ్చింది. తిరుపతి వేంకట కవుల వంటి అవధానులు ఇక్కడి సంస్థానాలను సందర్శించిన సంగతులను సాహిత్య చరిత్రకారులు శ్రద్ధగా నమోదు చేశారు. అదే ఆదరణ పొందిన నేతగాళ్ల గురించి మాత్రం అంత వివరంగా ఎవరూ రాయలేదు. అది న్యాయం కాదు. ఎందుకంటే సభలో చెప్పిన పద్యాన్ని ఎంత గణన, ఎంత ధారణ నిలబెడతాయో, మగ్గం మీద నేసిన చీరనూ అంతే గణన, అంతే ధారణ నిలబెడతాయి.

గద్వాల చీర ప్రత్యేకత దాని నిర్మాణంలో ఉంది. నడుమ భాగం సన్నని నూలుతో, అంచులూ కొంగూ పట్టుతోనూ జరీతోనూ నేయడం దీని మూల స్వరూపం; నూలూ పట్టూ కలిసిన ఈ రకాన్ని వ్యాపారులు సీకో అంటారు. పూర్తిగా పట్టుతో నేసేవి తరువాతి కాలంలో ఎక్కువయ్యాయి గాని, నేతగాడి విద్యకు అసలు పరీక్ష పెట్టేది సీకో చీరే. నూలు గంజిని పీల్చి బిగుస్తుంది, తడి తగిలితే ముడుచుకుంటుంది. పట్టు జారుతుంది, సాగుతుంది. స్వభావంలో ఇంత తేడా ఉన్న రెండు దారాలను ఒకే మగ్గం మీద, ఒకే బిగువుతో నడిపించకపోతే నడుమ భాగం ముడతలు పడి అంచు వదులవుతుంది, లేదా అంచు లాగేసి చీర వంకర తిరుగుతుంది.

మామూలు నేతలో పేక, అనగా అడ్డంగా సాగే దారం, ఒకే నాడెతో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వెళ్లి తిరిగి వస్తుంది. నిలువు దారమైన పడుగులో అంచుకు వేరే రంగు వేసినా, నడుమ భాగపు పేక ఆ అంచులోకి కూడా వెళుతుంది కనుక అంచు రంగు కొంత మసకబారుతుంది. గద్వాల నేతలో ఇలా జరగదు. ఇక్కడ మూడు నాడెలు ఉంటాయి: నడుమ భాగానికి ఒకటి, రెండు అంచులకు చెరొకటి. అంచు పేక అంచులోనే తిరుగుతుంది, నడుమ పేక నడుమనే తిరుగుతుంది. రెండూ కలిసే గీత దగ్గర ఒకదాని మెలికలో మరొకటి చిక్కుకుని వెనక్కి మళ్లుతుంది. ఈ పద్ధతినే కుప్పడం అంటారు, దీనితో వచ్చే అంచును కుట్టు అంచు అని కూడా అంటారు. సూదితో కుట్టినది మాత్రం కాదు. ప్రతి పేక వరుసలోనూ రెండు అంచుల దగ్గరా ఈ మెలిక పడాలి కాబట్టి పెద్ద అంచుల చీరకు మగ్గం మీద ఇద్దరు కూర్చోవలసి వస్తుంది. ఒక్క మెలిక తప్పితే అక్కడ సన్నని చీలిక మిగిలిపోతుంది. దాన్ని తరువాత సరిచేయడానికి వీలుండదు, అప్పటికప్పుడే విప్పి మళ్లీ వేయాలి.

ఈ మెలిక పడే చోటును వరుస వరుసకూ కొద్దికొద్దిగా జరుపుతూ పోతే అంచు రంగు నడుమ భాగంలోకి మెట్లు మెట్లుగా ఎక్కి, కొసకు చేరి, మళ్లీ దిగుతుంది. అలా ఏర్పడే వరుస కోణాలను కోటకొమ్మలు అంటారు. కోట గోడ మీది పళ్లవలె కనిపించే ఈ నమూనా గద్వాలకు గుర్తుగా నిలిచిపోయింది, కుంభం అనే పేరుతోనూ చెలామణీలో ఉంది. అద్దకంతోనో, అదనపు దారంతో పైన తేలేటట్టు వేసిన బుటాతోనో వచ్చే రూపం కాదిది. రెండు పేకలు ఎక్కడ కలవాలో లెక్కించడం వల్లనే పుట్టిన రూపం. హంస, మామిడి పిందె, రుద్రాక్ష వంటి నమూనాలకు జాకార్డు అట్టలు, అంటే నమూనా ప్రకారం పడుగు పోగులను ఎత్తించే చిల్లుల అట్టలు, సాయపడతాయి. కోటకొమ్మకు చేతి లెక్కే ఆధారం.

కొంగు విషయానికి వస్తే శ్రమ ఇంకా పెరుగుతుంది. నడుమ భాగపు పడుగు నూలు, కొంగు పడుగు పట్టు కనుక, చీర కొంగు దాకా రాగానే వేల నూలు పోగులలో ఒక్కొక్క దానికి ఒక్కొక్క పట్టు పోగును వేళ్లతో మెలిపెట్టి అతకాలి. ఆ అతుకు తెగకుండా పన్నె గుండా, అంటే పేకను దగ్గరికి కొట్టే దువ్వెన వంటి పరికరం గుండా, సాఫీగా దాటి రావాలి. దీనికి ముందు ఆసు పోయడం, కండెలు చుట్టడం, పడుగుకు గంజి పెట్టడం వంటి పనులు ఉన్నాయి. వీటిలో ఎక్కువ భాగం ఇంటి ఆడవారే చేస్తారు, కూలి లెక్కల్లో మాత్రం వారి పేరు చాలాసార్లు కనిపించదు. నమూనాను బట్టి ఒక చీరకు నాలుగైదు రోజుల నుంచి వారం దాకా, భారీ అంచులైతే అంతకు మించి కూడా పడుతుంది.

సంస్థానపు ఆదరణ లేకుండా ఇంత నిదానమైన పద్ధతి నిలిచేది కాదు. ఆదిలక్ష్మీ దేవమ్మ కాలంలో ఇక్కడి నేతగాళ్లను జరీ పని నేర్చుకోవడానికి కాశీకి పంపారని స్థానికంగా చెప్పుకుంటారు. కోటకూ మగ్గానికీ ఉన్న సంబంధానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం ఏరువాడ జోడు పంచెలు. తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలకు మూలవిరాట్టు అలంకరణ కోసం గద్వాల పాలకులు సమర్పించడం మొదలుపెట్టిన ఈ రెండు పంచెలను నేటికీ ఏటా ఇక్కడే నేసి పంపుతున్నారు. నేతగాళ్లు మండలం రోజులు, అనగా 41 రోజులు, దీక్షలో ఉండి, నియమ నిష్ఠలతో నేస్తారు. ఒక్కొక్కటి 11 గజాల పొడవు. రెండు వైపులా 15 అంగుళాల అంచు, అందులో కోటకొమ్మలు ఉంటాయి. మామూలు చీరకు దాదాపు రెట్టింపు వెడల్పు కనుక మగ్గం పెద్దది కావాలి, నాడెను ఒకరి నుంచి ఒకరు అందుకునే మనుషులు కావాలి. సంస్థానం పోయి ముప్పావు శతాబ్దం గడిచింది. పంచెలు మాత్రం ఆగలేదు.

ఈ విద్య గద్వాల పట్టణానికే పరిమితం కాలేదు. నడిగడ్డలో అయిజ, రాజోలి, కృష్ణకు అవతల పూర్వపు వనపర్తి, అమరచింత సంస్థానాల సీమలోని కొత్తకోట, అమరచింత మగ్గాలపైనా ఇదే తరహా చీరలు తయారవుతాయి. సంస్థానాల ఎల్లలు పాలకులవి. పెళ్లి సంబంధాలతో, పని వెతుకులాటతో నేత కుటుంబాలు ఆ ఎల్లలను దాటి తిరిగాయి, కుప్పడం వారితోపాటే నది దాటింది. తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలిని 2009 అక్టోబరు వరదలు ముంచెత్తినప్పుడు గుంట మగ్గాలు, నేలలో గొయ్యి తీసి అందులో కాళ్లు ఆడించేటట్టు అమర్చిన మగ్గాలు, నీటిపాలయ్యాయి. అయినా అక్కడ నేత ఆగిపోలేదు.

గద్వాల చీరకు భౌగోళిక సూచిక గుర్తింపు ఉంది. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చేసిన కేంద్ర చట్టమూ ఉంది. అయినా మరమగ్గం మీద కోటకొమ్మ ఆకారాన్ని పైపైన దింపిన చీరలు అదే పేరుతో, చాలా తక్కువ ధరకు దొరుకుతుంటే, అసలు చీర నేసినవారికి గిట్టుబాటు కావడం కష్టం. ఇక్కడ కొనుగోలుదారుకు కొంత జ్ఞానం అవసరం. చీరను తిరగవేసి, నడుమ భాగమూ అంచూ కలిసే గీతను వెలుతురులో చూస్తే, నిజమైన కుప్పడంలో రెండు రంగుల పేకలు ఒకదానిలో ఒకటి మెలిక పడి వెనుదిరగడం రెండు వైపులా కనిపిస్తుంది. అంచు లోపల నడుమ భాగపు రంగు దారం ఒక్కటీ ఉండదు. మరమగ్గపు చీరలో పేక అంచు దాకా సాగిపోయి ఉంటుంది, లేదా వెనుక వైపు తెగిన దారాలు వేలాడుతుంటాయి. కొంగు మొదలయ్యే చోట వేలితో తడిమితే నూలుకూ పట్టుకూ మధ్య వేసిన అతుకుల వరుస చిన్న గరుకుగా తగులుతుంది. దుకాణాల్లో కొందరు ఆ గరుకును లోపమని చూపి ధర తగ్గించమని అడుగుతారు. నిజానికి ఆ చీరలో అన్నిటికంటే ఎక్కువ కూలి దక్కవలసిన పని అదే.