మూతపడిన మిల్లు - మన కథావస్తువు

ఒక మిల్లు నగరం పునరుజ్జీవనం పొందిందని పాలకులు చెప్పినప్పుడు, తిరిగి లేచింది ఆ నగరంలోని శ్రమజీవా, లేక నేల ధరా అని రచయిత అడగాలి. ఆ ప్రశ్న అడగని రచనలో శిల్పం ఎంత ఉన్నా దృక్పథం లేదనే నేనంటాను.

మా నూజివీడు తోటల్లో ఈ మాటకు ఖచ్చితమైన అర్థం ఉంది. కాపు తగ్గిన ముదురు మామిడి కొమ్మలను కోసేస్తారు. మోడుకు వచ్చిన చిగుళ్లలో బలమైనవి ఉంచి, తక్కినవి తీసేస్తారు. రెండు మూడేళ్లకు చెట్టు మళ్లీ కాపుకొస్తుంది. వేరు పాతదే గనుక అది పునరుద్ధరణ. చెట్టును పెకలించి, నేలను ప్లాట్లు చేసి, వేరేచోట అంటు నాటితే దాన్ని మా రైతు కొత్త తోట అనే అంటాడు.

వరంగల్లును ఈ కొలతతో చూద్దాం. నిజాం పాలనలో 1934లో వెలసిన ఆజంజాహీ మిల్లు తర్వాత జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చి, నష్టాల్లో కూరుకుని, 2002 నాటికి మూతపడింది. దాని భూమిలో కొంత ఇళ్లస్థలాలైంది. 2017లో నగరం వెలుపల, గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగింది. సూరత్, భివండీలకు వలసపోయిన నేతపనివారిని వెనక్కి రప్పిస్తామన్నారు. మంచి మాటే. కాని ఈ రెంటి మధ్య పదిహేనేళ్లున్నాయి. మిల్లులో పని పోయిన మనిషి వయసు ఆ పదిహేనేళ్లపాటు ఆగి ఉండలేదు.

మన సాహిత్యం తడబడేది సరిగ్గా ఇక్కడే. ఫ్యాక్టరీ రాకను చిత్రించిన గొప్ప నవలలున్నాయి. ప్రేమ్‌చంద్ 'రంగభూమి'లో సిగరెట్ల కార్ఖానా కోసం అంధుడైన సూరదాసు నేలపై కన్నుపడుతుంది. ఫ్యాక్టరీ పోవటాన్ని రాయవలసి వచ్చేసరికి మనవాళ్లు ఎక్కువగా పొగగొట్టం దగ్గర నిలబడి నిట్టూరుస్తారు. సైరన్ ఆగింది, ఊరు మూగబోయింది అంటారు. అది కట్టడం మీద జాలి. కార్మికుడికి మిల్లు మధుర జ్ఞాపకం మాత్రమే కాదు. దూది దుమ్ము, షిఫ్టు, జీతం, యూనియన్ కూడా. వీటిని వదిలేసిన విలాపమూ, పార్కు ప్రారంభోత్సవ ప్రసంగమూ ఒకే పని చేస్తాయి: రెండూ కార్మికుణ్ణి మరుగుపరుస్తాయి.

రచన నివేదిక కాదు కదా అని కొందరంటారు. కాదు, నిజమే. కాని స్వచ్ఛంద విరమణ కాగితం మీద సంతకం పెట్టే చేతిలో ఎంత స్వేచ్ఛ ఉందో నివేదిక చెప్పదు. పర్మనెంటు కార్మికుడి కొడుకు కాంట్రాక్టు కూలీగా మారిన ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య మాట ఎలా మారిందో గణాంకాలకు అందదు. అది కథకుడి పని.

కనుక యువ రచయితలకు నా సూచన ఒక్కటే. మిల్లు గేటునూ, పార్కు శిలాఫలకాన్నీ కొంతకాలం పక్కన పెట్టండి. ఆ రెండు తేదీల నడుమ బతికిన కుటుంబాల దగ్గరకు వెళ్లి, ఎవరు ఏ రైలెక్కారో, ఎవరు ఏ పనికి కుదిరారో, ఎవరు తిరిగి రాలేదో తెలుసుకోండి. మన వస్తువు అక్కడుంది.