ధారణ ఎవరి సొత్తు?

అవధానం చూసి ఇంటికి వెళ్లేవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: "అది సరస్వతీ కటాక్షం, మనకెక్కడిది?" అవధానికి చేసే ఈ నమస్కారంలో మనకు మనమే చెప్పుకునే సాకు కూడా దాగి ఉంది. పదో తరగతి పిల్లవాడి నుంచి రిటైరైన ఉద్యోగి దాకా "నాకు జ్ఞాపకశక్తి తక్కువ" అని చెప్పుకోవడానికి మొహమాటపడరు. లెక్కలు రావని ఒప్పుకోవడానికి మాత్రం కాస్త సిగ్గుపడతారు. అవధానం నడిచే తీరును నిదానంగా గమనిస్తే మాత్రం, మన జ్ఞాపకాన్ని మనం నమ్మడానికి అంతకన్నా మంచి ఆధారం మరొకటి దొరకదనిపిస్తుంది.

ఈ విద్యకు పశ్చిమ గోదావరి పుట్టిల్లు కాకపోయినా మెట్టినిల్లంత దగ్గరిది. జంటగా అవధానాలు చేసిన తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రి 1872లో భీమవరం దగ్గరి యండగండిలో పుట్టారు. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి 1870లో కడియంలో పుట్టారు. ఇద్దరినీ కలిపింది తాడేపల్లిగూడెం దగ్గరి కడియెద్ద. అక్కడ చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి దగ్గర వాళ్లు వ్యాకరణం చదువుకున్నారు. మన కాలపు అవధాని గరికపాటి నరసింహారావు 1958లో పుట్టిన బోడపాడు కూడా ఈ చుట్టుపక్కలదే, పెంటపాడు మండలంలోది. ఇదంతా గోదావరి నీళ్ల మహిమ అనుకోవడం సరదాగానే ఉంటుంది కానీ, దాంతో ఏమీ తేలదు. ఆనాటి చదువులో గురువు చెప్పిన పాఠాన్ని శిష్యులు మర్నాడు పుస్తకం తెరవకుండా కలిసి అప్పజెప్పుకునేవారు. దాన్ని చింతన అనేవారు. చూసి చదవడం కన్నా చూడకుండా చెప్పడానికే అక్కడ పెద్దపీట. చూడవలసింది ఈ పద్ధతిని.

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవారు, వరుసగా కూర్చుంటారు. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి వంటి పద్యాంశాల్లో అవధాని ఒక్కో ఆవృత్తికి ఒక్కో పాదం చెబుతూ వెళతాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి చిలిపి ప్రశ్నలు వేస్తాడు, వెనకెక్కడో గంట మోగుతుంటే దాన్నీ లెక్కపెట్టాలి. చివర ధారణ, అంటే పద్యాలన్నీ మొదటినుంచీ అప్పజెప్పడం. ఇది అసాధ్యమనిపిస్తుంది గానీ, చాలామంది అవధానులు రెండో పాదం చెప్పబోయే ముందు మొదటిదాన్ని తలచుకుని చదువుతారు, మూడోదానికి ముందు రెండింటినీ. ధారణ ఘట్టం వచ్చేసరికి మొదటి పాదం మూడుసార్లు నాలుక మీదకు వచ్చిపోయి ఉంటుంది, అదీ మధ్యలో ఇతర పనుల ఎడంతో. పైగా పద్యం తనను తాను కాపాడుకుంటుంది. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు. మొదటి అక్షరానికి పదో అక్షరంతో యతిమైత్రి కుదరాలి, రెండో అక్షరంలోని హల్లు నాలుగు పాదాల్లోనూ ఒకటే కావాలి. మాట జారితే గణం తూగదు, ప్రాస తప్పుతుంది, చెవికి వెంటనే తెలుస్తుంది. శతావధానంలో వంద పద్యాలూ ఉత్పలమాలలే అయితే 8000 అక్షరాలు. కానీ అవధాని మోసేది విడివిడి అక్షరాలను కాదు. తానే అల్లిన వాక్యాలు, వాటికి పట్టుకొమ్మల్లాంటి నియమాలు. అవధాని ధైర్యానికి అసలు కారణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం: తాను చెప్పింది ఒప్పో తప్పో తేల్చుకునే సాధనం అతని చేతిలోనే ఉంది.

మామూలు చదువరికి లేనిది ఆ సాధనమే. అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్లీమళ్లీ చదివారు. మరికొందరు ఒక విడత మాత్రమే చదివి, తర్వాత చూడకుండా మూడుసార్లు గుర్తుచేసుకుని రాశారు. వారం తర్వాత మొదటివారికి గుర్తున్నది దాదాపు 40 శాతం, రెండోవారికి 61 శాతం. విచిత్రమేమిటంటే, తమకు బాగా గుర్తుంటుందని ముందే ఎక్కువ నమ్మకం పెట్టుకున్నది మళ్లీమళ్లీ చదివినవారే. ఏలూరు కోచింగ్ సెంటర్లలో రంగుపెన్నుతో గీతలు గీసుకుని నాలుగోసారి చదివే పిల్లలకు కలిగేది ఈ భరోసాయే. అది పరీక్ష హాల్లో ఆవిరవుతుంది. ఆ తర్వాత నింద మతిమరుపు మీద పడుతుంది, పద్ధతి మీద పడదు.

ఇంత సాధన చేసినా అవధానిది ఒక్క పద్యానికే పనికొచ్చే శక్తి కదా అని అడగవచ్చు. ఆ ఆక్షేపణలో నిజముంది. 1980లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్సన్ బృందం వివరించిన ఒక విద్యార్థి మామూలుగా ఏడంకెలు గుర్తుపెట్టుకునేవాడు. సుమారు ఇరవై నెలల సాధనతో 79 అంకెలకు చేరాడు. అతను పరుగు పందేలు ఎరిగినవాడు కాబట్టి అంకెలను పరుగు సమయాలుగా మార్చుకునేవాడు. అంకెలకు బదులు అక్షరాలు ఇస్తే మళ్లీ ఆరు దగ్గరికే వచ్చాడు. అంటే జ్ఞాపకం కసరత్తుతో పెరిగే కండ కాదు. కానీ ఈ ఫలితం వరం అనే వాదాన్ని కూడా దెబ్బతీస్తుంది: గొప్ప జ్ఞాపకం పుట్టుకతోనే రావాలంటే ఆ కుర్రాడు ఏడు దగ్గరే ఆగిపోవాలి. ఇక ఈ విద్య ఒక్క కులానిదేనన్న విమర్శ చరిత్ర రీత్యా చాలావరకు సబబే. గురుకులం తలుపులు అందరికీ తెరవలేదు. లోపం తలుపుది, బయట నిలబడ్డవాళ్ల బుర్రలది కాదు. తమిళనాట సెయ్‌గు తంబి పావలర్ అనే ముస్లిం పండితుడు శతావధానిగా పేరుపొందడమే అందుకు సాక్ష్యం.

తెలుగు వాచకంలోని పద్యంతోనే ఈ సాధనను మొదలుపెట్టవచ్చు. ఒక పాదం చూసి పుస్తకం మూయాలి, కాసేపు లెక్కలు చేసుకోవాలి, ఆ పాదం చెప్పుకున్నాకే రెండోది అందుకోవాలి. తడబడితే వెంటనే పుస్తకం తెరవకుండా ప్రాసాక్షరాన్ని పట్టుకుని వెతకాలి. సైన్సు పాఠానికి ప్రాస లేదు గనుక అక్కడ ఆ పని కారణాలు చేయాలి: ఇది ఎందుకు జరిగింది, దీని తర్వాత ఏం జరగాలి? వచ్చినవాటికి ఒక గీత, రానివాటికి ఒక చుక్క పెట్టుకుంటే, చుక్కలన్నీ మర్నాటి చింతనకు.