కోళ్లు మూసే వేళ

కోళ్లకు రేచీకటి. పగలంతా పెరడూ, పశువుల పాకా, పక్కింటి పెంటదిబ్బా కలియదిరిగి, మన కంటికి ఆనని పురుగును కూడా ఏరుకుతినే కోడికి పొద్దుగూకితే కాలి ముందు ఏముందో తెలియదు. కూర్చున్నచోటి నుంచి కదలదు. చేత్తో ఎత్తుకుంటే గొంతులో చిన్నగా గొణిగి ఊరుకుంటుంది. కొక్కెర తెగులుకు టీకా వేయించాలన్నా, రెక్కల కింద పేలున్నాయేమో చూడాలన్నా అంతకు మించిన అదను లేదు. కాకపోతే మనకు పనికొచ్చే ఈ నెమ్మదితనమే పిల్లికీ నక్కకీ పనికొస్తుంది. అందుకే పెరట్లో కోళ్లున్న ఇంట్లో రోజు మొత్తం మీద ముఖ్యమైన పని సాయంత్రం వాటిని మూయడమేనని నా నమ్మకం. మేత వేయడం ఒక పూట మరిచిపోయినా కోడి తన తిండి తాను వెతుక్కుంటుంది. గూటి తలుపు మాత్రం అది వేసుకోలేదు.

మా కోనసీమ ఇళ్లలో దీపం పెట్టే వేళకు పెద్దవాళ్ల నోట ఆ మాట వచ్చేది, ‘కోళ్లు మూశారర్రా?’ అని. అడగడంతో సరిపెట్టేవారు కాదు, ఎన్ని ఎక్కాయో చెప్పమనేవారు. ఆ లెక్కే అసలు కాపలా. ఒకటి తగ్గిందంటే ఎక్కడో గడ్డివాములో దొంగచాటుగా గుడ్లు పెట్టుకుని పొదుగుతోందన్నమాట. వెలుగుండగానే వెతికితే దొరుకుతుంది. తెల్లారాక వెతికితే ఈకలే దొరకవచ్చు. చలికాలంలో పొద్దు తొందరగా వాలుతుంది కనుక గడియారం చూసి మూసేవాళ్లు మోసపోతారు. కోడి వెలుగును బట్టి గూటికి చేరుతుంది. మనమూ వెలుగునే చూడాలి.

నాటుకోడిని మూయనక్కర్లేదు, జామచెట్టెక్కి పడుకుంటుంది అనేవాళ్లున్నారు. అందులో కొంత నిజముంది. మన కోళ్లకు మూలమైన ఎర్ర అడవికోడి రాత్రిపూట కొమ్మ మీదే నిద్రపోతుంది. ఆ అలవాటు నాటుకోడికి ఇంకా పోలేదు. కుక్కకు, నక్కకు కొమ్మ అందదు. కానీ మానుపిల్లి పేరుకు తగ్గట్టు చెట్ల మీద తిరిగేదే, జంగుపిల్లీ ఎక్కగలదు, గుడ్లగూబకు చెట్టైనా చూరైనా ఒకటే. పైగా ఇంటికి బాగా కావలసిన కోడి చెట్టెక్కనే ఎక్కదు. పొదిగే పెట్ట 21 రోజులు గుడ్ల మీద నేలనే ఉంటుంది. ఆ తరువాత రెక్కలు రాని పిల్లలతో మరికొన్ని వారాలు అక్కడే.

కోడి పోయిన రోజు పొద్దున అందరం ముందు తిట్టేది పిల్లిని. తిట్టేముందు నేల చూడాలి. కోడి మొత్తం మాయమై, కంచె దాకా ఈకలు రాలి ఉంటే నక్కో జంగుపిల్లో ఎత్తుకుపోయినట్టు. నాలుగైదు కోళ్లు చచ్చిపడి, తినకుండా వదిలేసి ఉంటే చాలాసార్లు అది ఊరకుక్కల పని; గూట్లో చిక్కుకున్న కోళ్ల మీద పడితే పునుగుపిల్లి, ముంగిస కూడా తినగలిగినదానికి మించి చంపుతాయి. గుడ్డు పెంకుతో సహా లేదంటే పాము మింగి ఉంటుంది. పెంకు ముక్కలు పడి ఉంటే ఎలుకనో ముంగిసనో అనుమానించాలి. కోడి గూట్లోనే ఉండి కాలో రెక్కో తెగిందంటే, సందులోంచి పంజా పెట్టి లాగిన జంతువు ఉందన్నమాట. ఆ గూటికి ఇనుప వల ఉన్నా లేనట్టే. మా వైపు మడ అడవుల దగ్గర బావురుపిల్లి మీద చాలా నిందలు పడతాయి. అది ప్రధానంగా చేపల మీద బతికే జంతువు. ఎప్పుడైనా కోడిని పట్టవచ్చు గానీ, ఊళ్లో పోయిన ప్రతి కోడినీ దాని ఖాతాలో రాయడం అన్యాయం.

ఎవరు వచ్చారో తెలిస్తే ఎటునుంచి వచ్చారో తెలుస్తుంది. కొట్లో చికెన్ మెష్ అని ఇచ్చే ఆరు పలకల సన్న తీగ కోడి బయటికి పోకుండా ఆపుతుంది, అంతే. కుక్క పళ్లకు అది చిరుగుతుంది, ఎలుక దాని కన్నాల్లోంచే వస్తుంది. గూటికి కావలసింది అరంగుళం కన్నాల వెల్డ్ మెష్. ఖరీదు ఎక్కువే, అయినా గూడంతా వేయనక్కర్లేదు. గాలి కోసం వదిలిన చోట్లకీ తలుపుకీ వేస్తే చాలు. తవ్వి వచ్చేవాటి కోసం గూటి చుట్టూ అడుగు, అడుగున్నర వెడల్పున అదే వలను నేల మీద పరిచి మట్టి కప్పాలి. గోడ వారన తవ్వడం మొదలుపెట్టిన కుక్కకు కాలికింద తీగ తగిలితే, కొంచెం వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన మామూలుగా రాదు. పందికొక్కులున్న పెరడైతే లోపలి నేల కూడా గట్టి చేయక తప్పదు. తలుపుకు ఊరికే గొళ్లెం తగిలిస్తే కుక్క మూతితో నెట్టి తీస్తుంది. గొళ్లేనికి అడ్డంగా ఒక మేకు దూర్చాలి. కోళ్లు ఎక్కి పడుకునే దండెం వలకు ఆనుకోకుండా గూటి మధ్యలో ఉండాలి.

భయంతో అన్ని వైపులా మూసెయ్యడం ఇంకో ప్రమాదం. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది, దానికి చెమట పట్టదు. గాలాడని గూట్లో మే నెల రాత్రి ఒక్కటి చాలు ప్రాణం పోవడానికి. పెంట ఘాటుకు కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. గాలి సందులు దండెం కంటే పైన ఉంటే వేడీ ఘాటూ రెండూ బయటికి పోతాయి.

గంప సంగతి చెప్పాలి. వెదురు గంప కింద కోడినీ పిల్లల్నీ కమ్మి, పైన రాయి పెట్టడం మన ఊళ్లన్నిటా ఉన్నదే. పగటి గద్దకూ కాకికీ అది బాగా పనికొస్తుంది. రాత్రి బయట వాకిట్లో మాత్రం దాన్ని నమ్మలేం. పందికొక్కు అంచు కింద తవ్వుతుంది, కుక్క రాయితో సహా దొర్లిస్తుంది. గంపను వసారాలోకో గదిలోకో తెచ్చి కమ్మాలి.

పాములను రప్పించేది చాలావరకు మనమే. గూటి దగ్గర నూకలు మిగిలితే ఎలుకలు వస్తాయి, ఎలుకల వెంట జెర్రిపోతూ నాగుపామూ వస్తాయి. సాయంత్రానికి గుడ్లు ఏరేసి, మేత గిన్నె ఎత్తేస్తే సగం బెడద తగ్గుతుంది. చౌక అని చేపల వలలు చుట్టవద్దు. వాటిలో పాము చిక్కుకుని నరకయాతన పడి చస్తుంది. తెల్లవారుజామున దాని మీద చెయ్యి పడితే మన ప్రాణానికీ ముప్పే.

కడుపుమంటతో కొందరు చచ్చిన కోడికి గుళికల మందు కూరి పెడతారు, కొందరు పెరటి కంచెకు కరెంటు తీగ తగిలిస్తారు. ఇది నేను ఒప్పుకోలేను. ఆ మందు కుక్కనూ కాకినీ చంపుతుంది. ఆ తీగ చీకట్లో బహిర్భూమికి వెళ్లిన మనిషిని చంపుతుంది. పొలాల్లో పందుల కోసం పెట్టిన తీగలకు రైతులే బలైన వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ చదువుతూనే ఉన్నాం. జంగుపిల్లీ, పునుగుపిల్లీ, ముంగిసా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నవి. అవి పొలంలో ఎలుకల్ని తగ్గించే జంతువులు కూడా.

మరో మాట మనసులో ఉండిపోయింది. సంక్రాంతి పందేనికి పెంచే పుంజుకు జీడిపప్పూ బాదమూ పెట్టి, రాత్రి పక్కన మనిషిని కాపలా పడుకోబెట్టే ఇళ్లు మా వైపు ఉన్నాయి. అదే పెరట్లో పొదిగే పెట్టకు అంచు విరిగిన గంప. పుంజు బరిలో ఒక పూటకు దిగుతుంది. పిల్లల కంచంలో గుడ్డూ, ఇంటి ఆడవాళ్ల చేతిలో అడక్కుండా ఆడే నాలుగు డబ్బులూ ఆ పెట్ట వల్ల వస్తాయి. పెట్ట పోతే దాని కింది పొదుగంతా పోతుంది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్లను పెంచుకునేవాళ్లకు నష్టం ఇంకో రకం. అవి దాదాపు పొదగవు గనుక పోయినదాని బదులు మళ్లీ కొనుక్కోవాల్సిందే.

పొద్దున తలుపు తీయడానికి కూడా తొందరపడకండి. మసకవెలుతురులో నక్క ఇంకా తిరుగుతూనే ఉంటుంది, ముంగిస అప్పుడే బయల్దేరుతుంది. బాగా తెల్లారాక తీయండి. ఈ సాయంత్రం మాత్రం కోళ్లు ఎక్కాక ఒకసారి గూటి దగ్గర కూర్చోండి. లోపల టార్చిలైటు వెలిగించి పెట్టి బయటినుంచి చూస్తే వెలుగు కారే సందులన్నీ కనిపిస్తాయి. బొటనవేలు దూరే ప్రతి సందునూ రేపే మూయించండి.