ఎడారిలో పసివాడు

మన పురాణములందు బాలురు వనమున కేగుట క్రొత్త గాదు. సవతితల్లి మాటకు నొచ్చి ధ్రువు డడవికి పోయెను. కుశలవులు వాల్మీకి యాశ్రమమున పెరిగిరి. కాని ధ్రువునకు నారదుడు త్రోవ చూపెను. కుశలవులకు ఋషియే గురువయ్యెను. గురువు లేని యరణ్యమున చిక్కిన బిడ్డ యేమి కావలెను? ఈ ప్రశ్న నడిగిన తెలుగు చలనచిత్ర మొకటి కలదు. అది 1972లో వి. రామచంద్రరావు దర్శకత్వమున వెలువడిన 'పాపం పసివాడు'.

దీని మూలకథ మనది కాదు. దక్షిణాఫ్రికా దర్శకుడు జేమీ యూయిస్ తన కుమారునే నాయకునిగా జేసి, తానే తండ్రి వేషము వేసి తీసిన చిత్రము దీనికి మాతృక. విమానము కూలగా, జబ్బుతో నున్న బాలుడు కుక్క యొక్కటే తోడుగా ఎడారిలో మిగులుటయే కథ.

బాలునిగా మాస్టర్ రాము, తల్లిదండ్రులుగా దేవిక, ఎస్.వి. రంగారావు నటించిరి. 'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుడై యట్టహాసము చేసిన రంగారావు ఇందు కొడుకు జాడ తెలియని తండ్రి. అంతటి నిండు విగ్రహము నిస్సహాయమై నిలుచుట చూచినప్పుడు, ధనముగాని అధికారముగాని బిడ్డను కాపాడజాలని గడియ యొకటి కలదని మనకు దోచును. ఇది యీ చిత్రమునందలి సత్యము.

లోపము పేరులోనే యున్నది. ఎండకు, ఆకలికి, దాహమునకు ఓర్చి అడుగు వెంట నడుగు వేసిన బాలుని చూచి మనము 'పాపం' అనవలెనా, 'భళా' అనవలెనా? ఇసుకలో నున్నంతసేపు చిత్రము వాని ధైర్యమును జూపును. ఇల్లు చేరగానే మనచేత కన్నీరు పెట్టించును. ఆ కన్నీటిలో అసలు ప్రశ్న కొట్టుకొని పోవును: ఒంటరిగా నొక పూట గడుపుటకు ఈ బిడ్డకు ఎవరేమి నేర్పిరి?

ఎడారి మనకు దూరము, నీరు చేరువ. తెనాలి నడుమ మూడు కాలువలు పారుచున్నవి. బాపట్లకు సూర్యలంక సముద్రము, రేపల్లెకు కృష్ణానది దగ్గర. 'గట్టు మీదికి పోకు' మని ప్రతి తల్లియు చెప్పును. ఈత నేర్పించిన యిండ్లెన్ని? ఆడపిల్లలకు నేర్పించినవి మరెన్ని? భయము చెప్పుటయే ప్రేమ యనుకొనుచున్నాము. జబ్బు బిడ్డను, మొండి బిడ్డను మరింతగా కొంగున దాచుచున్నాము. వానిలోని శక్తిని తెలిసికొనుటకు ఆపద రావలసి వచ్చుచున్నది.

ఈ చిత్రమును పిల్లలతో గూడి చూడుడు. కన్నీరు వచ్చిన తుడుచుకొనుడు. మరునాటి యుదయమున ఈత వచ్చిన పెద్దవారి నొకరిని వెంటబెట్టుకొని, వారిని లోతు తక్కువైన రేవునకు తీసికొని పొండు.