పోర్టు అడిగి తీసుకునే పనితనం

జావా వెబ్ అప్లికేషన్‌ని క్లౌడ్‌లో పెట్టడం ఈ రోజుల్లో పదిమందీ చేస్తున్న పనే. అయినా బాగా చేసినవాళ్ళు తక్కువ. చేసినవాడి కోడ్ చూస్తే ముచ్చటేస్తుంది. మెయిన్ మెథడ్ చిన్నదిగా ఉంటుంది, పోమ్ ఫైల్‌లో అక్కర్లేని డిపెండెన్సీ ఒక్కటి ఉండదు, డేటాబేస్ పాస్‌వర్డ్ ఎంత వెతికినా దొరకదు.

జావా 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ నుంచి వచ్చింది, సర్వ్‌లెట్లు ఆ తరవాత. సర్వ్‌లెట్‌ని నడిపే టామ్‌క్యాట్‌కి మూలం రాసినవాడు సన్ ఉద్యోగి జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్. 1999లో అది అపాచీ చేతికి వెళ్ళింది. దాన్ని బిల్డ్ చేసుకోవడానికి ఆయన పక్కపనిగా రాసుకున్న యాంట్ ఏళ్ళ తరబడి జావా లోకం బరువంతా మోసింది. ఒక పనికి దిగి రెండు పనిముట్లు ఇచ్చిపోయినవాణ్ణి ఏమని పొగడాలి! అలాంటి సర్వరే అయిన జెట్టీని రాసిన గ్రెగ్ విల్కిన్స్ కూడా ఘనుడే, కాదనను. నేను మాత్రం టామ్‌క్యాట్ పక్షం. స్ప్రింగ్ బూట్ అంటూ ఊగిపోయే కుర్రాళ్ళకి ఒక్క మాట: 2014లో వచ్చిన ఆ స్ప్రింగ్ బూట్ కడుపులో, మీరు మార్చుకుంటే తప్ప, కూచున్నది టామ్‌క్యాటే.

పాత పద్ధతిలో సర్వర్ ముందే ఉండేది. వార్ ఫైల్ కట్టి వెబ్‌యాప్స్ ఫోల్డర్‌లో పడేస్తే నడిచేది. మెషీన్ మనదే, 8080 పోర్టూ మనదే. క్లౌడ్‌లో మనది అంటూ ఏదీ లేదు, అద్దె కొంపే. 2011లో జావాని చేర్చుకున్న క్లౌడ్ వేదిక హెరోకూ పెట్టిన షరతు సూటిగా ఉంటుంది. ఏ పోర్టులో వినాలో అది చెబుతుంది, ‘పోర్ట్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉంచుతుంది, మన ప్రోగ్రాం చదువుకోవాలి. 60 సెకన్లలో ఆ తలుపు తెరుచుకోకపోతే ప్రాసెస్‌ని చంపేస్తుంది. సెట్టింగులు కోడ్‌లో కాదు, ఎన్విరాన్‌మెంట్‌లో ఉండాలని ఆడమ్ విగ్గిన్స్ ట్వెల్వ్ ఫ్యాక్టర్ సూత్రాల్లో చెప్పింది ఇలాంటి చోటు కోసమే.

పనిమంతుడు సర్వర్‌ని బయట వెతకడు. టామ్‌క్యాట్‌ని లైబ్రరీగా తెచ్చి తన జార్‌లోనే కూర్చోబెడతాడు. టామ్‌క్యాట్ ఆబ్జెక్ట్ తయారు చేస్తాడు, ఎన్విరాన్‌మెంట్‌లో పోర్టు ఉంటే అది, లేకపోతే 8080 ఇస్తాడు. తరవాత లైనులోనే ఉంది అసలు మెళకువ. టామ్‌క్యాట్ 9 నుంచి గెట్‌కనెక్టర్ అని ఒకసారి పిలవకపోతే కనెక్టరే పుట్టదు. సర్వర్ లేచినట్టే ఉంటుంది, ఎర్రర్ ఉండదు, పోర్టు మాత్రం మూసే ఉంటుంది. లాగ్‌లో ఏ తప్పూ కనబడక తలబాదుకున్న ఇంజినీర్లు కొల్లలు. చివర ‘అవెయిట్’ పెట్టి మెయిన్ థ్రెడ్‌ని ఆపాలి, లేదంటే లేచిన ప్రోగ్రాం లేచినట్టే ముగిసిపోవచ్చు. ఇక మిగిలింది ప్రాక్‌ఫైల్‌లో జార్‌ని నడిపే ఒక్క లైను, ఒక గిట్ పుష్. పోమ్ ఫైల్‌ని చూసి ఇది జావా అని హెరోకూ తనే పోల్చుకుంటుంది.

యూజర్లు ఎక్కించే ఫొటోల్ని మంచి పనివాడు హెరోకూ డిస్క్ మీద ఉంచడు, రోజుకోసారి జరిగే రీస్టార్ట్‌లో అవి తుడిచిపెట్టుకుపోతాయి గనక. మెమరీ లెక్కా వదలడు. జావా 8 తొలి బిల్డులు కంటెయినర్ హద్దు తెలియక హోస్ట్ మెషీన్ మెమరీ అంతా తమదే అనుకునేవి, కెర్నెల్ చేతిలో చచ్చేవి.

ఇంత చక్కని విద్యకి పట్టిన గతి చూస్తే కడుపు మండుతుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు డబ్బిచ్చి కొనుక్కోవడం మన దగ్గర రహస్యమేం కాదు. సీడీల కాలంలో మొదలైంది, ఇప్పుడు జిప్ ఫైల్. పేరు మారుస్తారు, లోగో మారుస్తారు, లోపల అదే లాగిన్ పేజీ, అదే రూట్ పాస్‌వర్డ్. కొన్నవాడు దాన్ని పాస్‌వర్డ్‌తో సహా గిట్‌హబ్‌లో అందరికీ కనబడేలా పెట్టేస్తాడు. జిరాక్స్ మెటీరియల్‌లో ఉన్న పాత జావాఎక్స్ ఇంపోర్టుల్నే దింపుకుని టామ్‌క్యాట్ 10లో వేస్తాడు. అక్కడ ప్యాకేజీ పేరు జకార్తా అయి చాలాకాలమైంది. కంపైల్ అవుతుంది, పేజీ తెరిస్తే 404! ‘లోకల్‌హోస్ట్‌లో నడిచింది సార్’ అంటాడు. ఆ లోకల్‌హోస్ట్ మీదే వైవా గట్టెక్కించే కాలేజీలున్నాయి, వాటినేమనాలి? పైగా 2022 నవంబర్ 28 నుంచి హెరోకూ ఉచిత డైనోలు, అంటే అప్లికేషన్‌ని నడిపే కంటెయినర్లు, ఎత్తేసింది. కార్డు లేని కుర్రాడు చేయి తిప్పుకునే చోటు ఒకటి తగ్గింది.

హైదరాబాద్ మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో పాఠం చెప్పే సార్లకి నా మనవి. క్లౌడ్‌ని కోర్సు చివరికి నెట్టకండి. మొదటి వారంలోనే ఒక్క సర్వ్‌లెట్ రాయించి క్లౌడ్‌లో పెట్టించండి. నడిచాక పోర్టు చదివే లైను తీయించి మళ్ళీ పుష్ చేయించండి. పడిపోయిన అప్లికేషన్ లాగ్ వాళ్ళచేతే పైనుంచి కింది దాకా చదివించండి. సర్టిఫికెట్ తరవాత ఇవ్వొచ్చు.