కీళ్ళ నొప్పులకు ఒక వంటల పుస్తకం

కీళ్ళ నొప్పులతో బాధపడే పెద్దలకు మందుకంటె ముందుగా లభించేది సలహా. వంకాయ మానవలెనని ఒకరు, కందిపప్పు వాతం చేస్తుందని మరొకరు, చింతపండు ముట్టరాదని ఇంకొకరు చెపుతారు. ఈ సలహాలన్నిటికీ సాధారణంగా ఒకే ఆధారం ఉంటుంది: ఫలానావారు మానివేశారు, వారికి తగ్గింది. ఈ ఆధారం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడానికి అమెరికాలో 1973లో వెలువడిన ఒక పుస్తకం మంచి ఉదాహరణ.

ఆ పుస్తకం పేరు ‘ది ఆర్థ్రైటిక్స్ కుక్‌బుక్’, అనగా కీళ్ళ రోగికి వంటల పుస్తకం. శాన్‌ఫ్రాన్సిస్కోలో వైద్యం చేసిన కోలిన్ డాంగ్, జేన్ బ్యాంక్స్ అనే ఆమెతో కలిసి దీనిని రచించారు. డాంగ్ చైనా సంతతివారు. ఆయనే కీళ్ళ జబ్బుతో బాధపడి, చికిత్సలు ఫలించక, తన పెద్దల నాటి భోజనానికి, అనగా అన్నం, చేపలు, కూరగాయలకు మరలారు. జబ్బు తగ్గింది. ఆ అనుభవంతో తన రోగులకు కూడ అదే పథ్యం చెప్పారు. మాంసం, పాలు, పండ్లు, టొమాటో, గ్రుడ్డులోని పచ్చసొన, మిరియాలు, మద్యం, నిలువ ఉంచడానికి రసాయనాలు కలిపిన పదార్థాలు, ఇవన్నీ అందులో నిషిద్ధాలు. శరీరానికి సరిపడని ఆహార పదార్థాలే కీళ్ళ బాధకు ముఖ్య కారణమని ఆయన వాదం.

పుస్తకంలో మెచ్చుకొనవలసిన గుణం ఒకటి ఉన్నది. తినగూడని వస్తువుల పట్టీ ఇచ్చి ఊరుకోక, తినదగినవాటిని ఎట్లా వండుకొనవలెనో చెప్పుతుంది. పథ్యం చెప్పేవారిలో చాలామంది ఈ రెండవ పని చేయరు.

అయితే లోపాలు అంతకంటె పెద్దవి. మొదటిది, ఆర్థ్రైటిస్ అనేది ఒక్క జబ్బు కాదు. ముసలితనంలో తరచుగా కనిపించే ఆస్టియోఆర్థ్రైటిస్‌లో ఎముకల కొనలపై ఉండే మృదులాస్థి క్షీణించి, కీలంతా చెడుతుంది. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌లో శరీరపు రోగనిరోధక వ్యవస్థే కీళ్ళ లోపలి పొరపై దాడి చేస్తుంది. మూత్రికామ్లం స్ఫటికాలుగా కీలులో పేరుకొంటే గౌట్ వస్తుంది. కారణాలు ఇంత వేరుగా ఉండగా అన్నిటికీ ఒకే వంట పనికివస్తుందనడం, జ్వరాలన్నిటికీ ఒకే మాత్ర ఇవ్వడం వంటిది.

రెండవది, రుజువుకు సంబంధించినది. కీళ్ళ నొప్పి ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు. కొన్ని వారాలు పెరుగుతుంది, కొన్ని వారాలు తగ్గుతుంది. మనిషి కొత్త పథ్యం ప్రారంభించేది ఎప్పుడు? బాధ భరింపరానంతగా పెరిగినప్పుడు. అటుపిమ్మట అది కొంత తగ్గడమే సహజం. వరద నిండుగా ఉన్ననాడు గట్టున కొబ్బరికాయ కొట్టితే మరునాడు నీరు తీయవచ్చును. కాని నీటిని తీసినది కొబ్బరికాయ కాదు.

మరి పథ్యం ఫలితాన్ని సహజమైన తగ్గుదల నుండి విడదీయడం ఎట్లా? ఫ్లారిడా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ పానుష్, ఆయన సహచరులు ఈ ప్రశ్ననే పరీక్షకు పెట్టి, ఫలితాన్ని 1983లో ప్రకటించారు. దీర్ఘకాలంగా రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉన్న రోగులను ఏ ఎంపికా లేకుండా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు డాంగ్ చెప్పిన పథ్యం వంటిది ఇచ్చారు. రెండవ జట్టుకు పథ్యం అనిపించే మరొక భోజనం ఇచ్చారు. అసలు పథ్యం ఏ జట్టుదో రోగులకు గాని, వారిని పరీక్షించే వైద్యులకు గాని తెలియదు. పది వారాల పరీక్షను పూర్తిచేసినవారు 26 మంది. అసలు పథ్యం తిన్న 11 మందిలో 5 గురికి గుణం కనిపించింది. ఉత్తుత్తి పథ్యం తిన్న 15 మందిలో 6 గురికి కనిపించింది.

విద్యార్థులు ఈ సంఖ్యలను శాతాలుగా మార్చి చూడవలెను. మొదటిది సుమారు 45, రెండవది 40. ఇంత చిన్న జట్లలో ఈ తేడాకు అర్థం లేదు. రెండవ జట్టు లేకుండా మొదటి జట్టునే చూసి ఉంటే, “దాదాపు సగం మందికి నయమయింది” అని మరొక పుస్తకం వెలువడి ఉండేది. పోల్చి చూచే జట్టుకు విజ్ఞానశాస్త్రంలో ఇంత విలువ ఉండడానికి కారణం ఇదే.

ఆ పరిశోధకులు మరొక విషయాన్ని దాచలేదు. పథ్యం తిన్నవారిలో ఇద్దరికి చెప్పుకోదగిన మేలు జరిగింది. మానిన పదార్థాలు మళ్ళీ తింటే బాధ పెరిగిందని వారు చెప్పారు. 1986లో పానుష్ బృందమే, పాలు తాగితే కీళ్ళు వాచే ఒక స్త్రీని, లోపల ఏమున్నదో తెలియని గొట్టపు మాత్రలతో పరీక్షించి, ఆమె మాట నిజమేనని చూపింది. కావున ఆహారం పడక కీళ్ళు బాధించేవారు కొద్దిమంది ఉన్నారు. కాని ఆ కొద్దిమంది కోసం అందరి పాలూ పండ్లూ మాన్పించడం న్యాయం కాదు.

ఆహారానికి కీళ్ళతో సంబంధం లేదని దీని అర్థం కాదు. డాంగ్ అనుమతించిన చేపల విషయమే చూడండి. కొన్ని చేపల నూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలను రోజుకు సుమారు 3 గ్రాముల వంతున తీసుకొంటే, రుమటాయిడ్ రోగులలో ఉదయపు బిగుతు, కీళ్ళ నొప్పి కొద్దిగా తగ్గినట్లు పలు పరీక్షలలో తేలింది. ఇక మోకాళ్ళ విషయంలో అసలు లెక్క బరువుది. స్థూలకాయులైన వృద్ధులపై జరిపిన ఒక అధ్యయనాన్ని స్టీఫెన్ మెసియర్ బృందం 2005లో ప్రకటించింది. శరీరం 1 కిలో తగ్గితే, ప్రతి అడుగులోనూ మోకాలిపై పడే భారం సుమారు 4 కిలోలు తగ్గుతున్నదని అందులో తేలింది. ఆ బృందమే 454 మందిని 18 నెలలపాటు పరిశీలించి 2013లో వెల్లడించిన ఫలితాలలో, ఆహారం తగ్గించి వ్యాయామం కూడ చేసినవారు సగటున 10.6 కిలోలు తగ్గారు. మూడు జట్లలో నొప్పి ఎక్కువగా తగ్గినదీ వారికే. ఇక్కడ ఏ కూరగాయకూ బహిష్కారం లేదు. ఉన్నది మోతాదు, నడక.

మన ఇండ్లలో జరిగేది తరచు దీనికి విరుద్ధం. మోకాళ్ళ నొప్పికి మా తల్లిగారు మొదట వంకాయ, తరువాత పప్పు, ఆపైన పెరుగు మానివేశారు. మిగిలినవి అన్నం, చారు. ఏడాది గడిచినా నొప్పి అట్లాగే ఉన్నది. మెట్లెక్కే శక్తి మాత్రం తగ్గింది. ఇదీ ఒక్కరి అనుభవమే గనుక, పైన చెప్పిన నియమం ప్రకారం రుజువుగా చెల్లదు. కాని భయపడవలసిన కారణం స్పష్టంగానే ఉన్నది. మోకాలిని నిలబెట్టేది తొడ ముందుభాగపు కండరం. వయస్సుతో కండరాలు ఎట్లాగూ సన్నగిల్లుతాయి. పప్పు, పాలు, గ్రుడ్లు మాని మాంసకృత్తులు కూడ తగ్గిస్తే ఆ క్షయం త్వరపడుతుంది. అన్నం మాత్రం తగ్గదు గనుక బరువూ తగ్గకపోవచ్చును. అంతకంటె ప్రమాదం, పథ్యాన్ని నమ్మి మందు మానడం. రుమటాయిడ్ జబ్బులో మందు ఆలస్యమైతే కీలు శాశ్వతంగా చెడవచ్చును.

కాబట్టి పథ్యం చెప్పేవారిని మూడు ప్రశ్నలు అడగడం మన పిల్లలకు నేర్పవలెను. ఇది ఏ రకం కీళ్ళ జబ్బుకు? పథ్యం చేయనివారితో పోల్చి చూశారా? మానిన దానిలోని పోషకానికి బదులు ఏమి తినవలెను? డాంగ్ పుస్తకం మూడవ ప్రశ్నకు కొంతవరకు జవాబు చెప్పింది. మొదటి రెండింటికి చెప్పలేకపోయింది. ఇంటిలో అవ్వ పళ్ళెం నుండి పప్పు తొలగించే ముందు, ఆ మూడింటికీ జవాబు రావలెను.