బీరువా నేర్పిన పాఠం

మా అమ్మాయి కాలేజీ కోసం చిన్న సినిమా తీస్తోందిట. మొదటి సీను రాసి చూపించింది: అలారం మోగడం, హీరోయిన్ లేవడం, పళ్ళు తోముకోవడం! "రోజూ మనింట్లో చూస్తున్నదేగా, తల్లీ!" అన్నాను. మూతి ముడుచుకుంది.

ముందు విద్యార్థులు తీసినవి కొన్ని చూద్దామని ఇద్దరం కూర్చున్నాం. పోలండ్‌లో వూచ్ సినిమా స్కూల్లో చదువుతూ రోమన్ పొలాన్‌స్కీ 1958లో తీసిన 'ఇద్దరు మనుషులు, ఒక బీరువా' వాటిలో ఒకటి. సముద్రంలోంచి ఇద్దరు అద్దం బీరువా మోసుకుంటూ వస్తారు. ఎవరు? ఎందుకు? చెప్పడు. పావుగంట సినిమాలో మాటలే లేవు. బీరువాతో వాళ్ళని ట్రాము ఎక్కనివ్వరు, హోటల్లోకి రానివ్వరు. చివరికి మళ్ళీ సముద్రంలోకే! మధ్యలో ఊరివాళ్ళ దుర్మార్గాలు కాస్త ఎక్కువయ్యాయనిపించినా, తన బరువుతో వచ్చినవాడికి ఊళ్ళో చోటు లేదన్న కథంతా ఆ మొదటి నిమిషంలోనే ఉంది.

"అయితే నేనూ హుస్సేన్ సాగర్‌లోంచి బీరువా తెప్పిస్తా" అంది.

"అది ఎరువు సొమ్మవుతుందే! చూడాల్సింది బీరువాని కాదు, ఉండకూడని చోట అది ఉండటాన్ని. మనింట్లో అలాంటిదేముందో వెతుక్కో."

కాసేపు ఆలోచించింది. "నీ డిగ్రీ సర్టిఫికెట్టు. వంటింట్లో, ఉప్పు డబ్బా కింద."

ఈసారి మూతి ముడుచుకోవడం నా వంతయింది. కానీ సీను బాగుంది. కాదనలేకపోయాను.